లూజ్ కాంటాక్ట్ ఎక్కడుంది? హాబీ ఎలక్ట్రానిక్స్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో చాలావరకు "చిప్ కాలిపోయిందేమో" అన్న అనుమానంతో మొదలయ్యాయి. వివరాలన్నీ చదివితే, తప్పు ఎక్కువగా పిన్నులోనో, ప్లగ్గులోనో, వైరు చివర లోహపు రెక్కలను నొక్కి బిగించే క్రింపులోనో తేలింది. అందుకే ఈ విడత జవాబులు చిన్న భాగాల గురించి, వాటిని కలిపే కనెక్టర్ల గురించి.

ప్రశ్న: ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు, చెప్పిన కోణానికి తిరిగే ఒక చిన్న సర్వో మోటారు, రెండు సెన్సర్లు బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే రంధ్రాల పలక) మీద పెట్టాను. సర్వో కదిలినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోంది. ఒక్కోసారి సెన్సర్ వైరును వేలితో నొక్కితే గానీ రీడింగ్ రావడం లేదు. బోర్డు మార్చాలా?

జవాబు: బోర్డు మార్చకండి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు లోపాలున్నాయి.

మొదటిది రీసెట్. కంప్యూటర్‌లో సీరియల్ మానిటర్ (బోర్డు పంపే సందేశాలు చూపే కిటికీ) తెరిచి ఉంచి సర్వోను కదిలించండి. "బ్రౌన్‌ఔట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అన్న వాక్యం వస్తే, చిప్‌కు అందే వోల్టేజీ ఆ క్షణంలో పడిపోతోందని అర్థం. 9 గ్రాముల చిన్న సర్వో కూడా బరువు మీద ఇరుక్కుంటే అర ఆంపియరుకు పైగా లాగుతుంది. అంత కరెంటు సన్నని జంపర్ వైరు, బ్రెడ్‌బోర్డు స్ప్రింగు, మళ్లీ ఇంకో జంపర్ దాటి రావాలి. 28 గేజ్ (ఈ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది) రాగి వైరు మీటరుకు సుమారు 0.21 ఓమ్‌లు ఉంటుంది. 20 సెంటీమీటర్ల వైర్లు, పోనూ రానూ కలిపి, 0.1 ఓమ్ కూడా దాటవు. అంటే అసలైన రాగి వైరు అయితే పెద్ద నష్టం లేదు. కానీ జంపర్లన్నీ రాగివి కావు. కొన్నిటి లోపల రాగి పూత పూసిన ఇనుప పోగులుంటాయి. ఒక వైరును కోసి పోగుల దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఆ కట్టను సిగ్నళ్లకే వాడండి, పవరుకు వద్దు. అల్యూమినియం పోగులను అయస్కాంతం పట్టదు కాబట్టి దాంతో పాటు ఇంకో పరీక్ష కూడా చేయాలి. మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, సర్వో పని చేస్తున్నప్పుడు ఒకే వైరు రెండు చివరలా ప్రోబులు ఆనించండి. ఆ ఒక్క వైరు మీదే 100 మిల్లీవోల్టులు దాటితే తీసేయండి.

సర్వోకు పవరు బ్రెడ్‌బోర్డు గుండా పంపొద్దు. 5 వోల్టుల సప్లై నుంచి నేరుగా 22 గేజ్ వైర్లతో ఇవ్వండి. గ్రౌండు మాత్రం బోర్డుతో కలిసి ఉండాలి, లేకపోతే సిగ్నల్‌కు ఆధారం ఉండదు. సర్వో ప్లగ్గుకు దగ్గరగా 470 నుంచి 1000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, 10 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువది, పెట్టండి.

రెండోది వేలితో నొక్కితే పని చేసే వైరు. బ్రెడ్‌బోర్డు స్ప్రింగు సుమారు 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్ల కాళ్లకు తగినట్టు ఉంటుంది. 3 ఆంపియర్ల డయోడు, స్క్రూ టెర్మినల్ వంటి లావు కాళ్లు ఒకసారి దూరిస్తే స్ప్రింగు వెడల్పయిపోతుంది, మళ్లీ సన్నని కాలిని గట్టిగా పట్టదు. ఆ వరుసను వదిలేసి పక్క వరుస వాడండి. ఇకపై లావు కాళ్ల భాగాలకు 0.6 మిల్లీమీటర్ల తీగ ముక్కలు సోల్డర్ చేసి ఆ ముక్కలనే గుచ్చండి. ఇంకో మాట: పొడవు బ్రెడ్‌బోర్డుల్లో పక్కనుండే పవర్ పట్టీ నడిమధ్యలో తెగి ఉండొచ్చు. ఎర్ర గీత మధ్యలో ఆగిందంటే సాధారణంగా లోపల కూడా ఆగినట్టే. మల్టీమీటరు కంటిన్యుటీ బజరుతో (దారి తెగకుండా ఉంటే మోగేది) ఒక్కసారి చూసుకుని, తెగి ఉంటే చిన్న తీగతో కలపండి.

ప్రశ్న: డూపాంట్ టెర్మినళ్లు (జంపర్ వైర్ల చివరుండే చిన్న లోహపు కొసలు) కొని సొంతంగా వైర్లు చేసుకుంటున్నాను. కొంచెం లాగితే వైరు ఊడి వస్తోంది. ఊడకుండా ముందే వైరు కొసకు సోల్డర్ పూసి, ఆపైన క్రింప్ చేస్తే మంచిదా?

జవాబు: అలా చేయకండి. సోల్డర్ మెత్తని లోహం. ఎప్పుడూ ఒత్తిడి కింద ఉంటే నెమ్మదిగా జరిగిపోతుంది. క్రింప్ చేసిన రోజు గట్టిగానే ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ వదులై కాంటాక్ట్ దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది. క్రింపు అయ్యాక సోల్డర్ వేసినా ఇబ్బందే. సోల్డర్ పోగుల వెంట తొడుగు లోపలికి పాకి ఆ మేర వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది. వంగినప్పుడల్లా సోల్డర్ ఆగిన చోటే భారం పడి, చివరికి అక్కడే తెగుతుంది.

మంచి క్రింపుకు కావలసింది సరైన కొలత, సరైన పనిముట్టు. టెర్మినల్‌కు రెండు జతల రెక్కలుంటాయి. ముందున్న చిన్న జత రాగి పోగులను పట్టాలి, వెనకున్న పొడవు జత ప్లాస్టిక్ తొడుగును పట్టాలి. మీ వైర్లు ఊడిపోవడానికి కారణం ఈ రెండింటిలో ఒకటి తన పని చేయకపోవడమే.

24 లేదా 26 గేజ్ పోగుల వైరు తీసుకోండి. తొడుగు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు మాత్రమే తీయండి. అంతకంటే ఎక్కువ తీస్తే వెనక రెక్కలకు పట్టుకోవడానికి తొడుగు ఉండదు. పైగా పోగుల కొసలు ముందున్న స్ప్రింగు గదిలోకి పొడుచుకెళ్లి పిన్ను దూరనివ్వవు. తక్కువ తీస్తే ముందు రెక్కలు తొడుగును పట్టుకుంటాయి. అప్పుడు లాగినా ఊడదు గానీ కరెంటు సరిగా పారదు, వెతికి పట్టుకోవడం కష్టమైన లోపం ఇదే. పోగుల్ని మెలి తిప్పకుండా నిటారుగా సర్ది, తొడుగు అంచు రెండు జతల రెక్కల మధ్య ఖాళీలో ఆగేలా ఉంచండి. పోగుల కొస ముందు రెక్కలను అర మిల్లీమీటరు దాటి కనిపించాలి.

టెర్మినల్‌ను పనిముట్టు పళ్ల మధ్య పెట్టేటప్పుడు రెక్కలు ఎటు చూడాలన్నది చాలామంది తిరగేస్తారు. రెక్కల కొసలు పైనుండే, మధ్యలో చిన్న శిఖరం ఉన్న గాడి వైపు ఉండాలి. ఆ శిఖరమే వాటిని లోపలికి ముడిచి పోగుల్లోకి దింపుతుంది. రాట్చెట్ ఉన్న పనిముట్టు అయితే అది తనంతట తాను వదిలేదాకా నొక్కండి. మామూలు ప్లయర్‌తో నొక్కితే రెక్కలు పక్కకు మడతపడి చదునవుతాయి తప్ప పోగుల్ని చుట్టుకోవు. పనిముట్టు కొనేటప్పుడు దాని అతి చిన్న గాడి ఎన్ని గేజ్‌లకు ఉద్దేశించిందో చూడండి. మీరు వాడేది 26 గేజ్ అయితే 28 నుంచి 20 దాకా పట్టేది తీసుకోండి.

టెర్మినల్‌ను హౌసింగ్ అనే ప్లాస్టిక్ గూటిలోకి తోసినప్పుడు టిక్కుమన్న చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే వెనక రెక్కలు గుండ్రంగా కాక పొడవుగా నిలబడి ఉంటాయి, సన్న ప్లయర్‌తో వాటిని మాత్రమే కాస్త నొక్కి సరిచేయండి. తప్పు గదిలో పెట్టినది తీయాలంటే హౌసింగ్ మీది ప్లాస్టిక్ నాలుకను సూదితో రవ్వంత ఎత్తి వైరును వెనక్కి లాగితే వస్తుంది. మరీ పైకెత్తితే నాలుక విరుగుతుంది.

మొదటి పది టెర్మినళ్లు సాధనకే పోనివ్వండి. వాటిలో రెండింటిని అడ్డంగా కోసి భూతద్దంతో చూడండి. పోగుల మధ్య ఖాళీలు కనిపించకూడదు.

ప్రశ్న: "జేఎస్‌టీ 2 పిన్" అని చూసి కొన్న కనెక్టరు నా బ్యాటరీ ప్లగ్గుకు పట్టలేదు. రెండూ జేఎస్‌టీలే కదా?

జవాబు: జేఎస్‌టీ అనేది జపాన్‌కు చెందిన తయారీ సంస్థ పేరు. ఆ సంస్థ చేసే వరుసలు ఎన్నో ఉన్నాయి, ఒకదాని ప్లగ్గు ఇంకోదానికి పట్టదు. హాబీ పనుల్లో తరచు ఎదురయ్యేవి ఎక్స్‌హెచ్, పీహెచ్, జెడ్‌హెచ్, ఎస్‌హెచ్. పిన్నుల మధ్య దూరం వరుసగా 2.5, 2.0, 1.5, 1.0 మిల్లీమీటర్లు. చిన్న లిథియం పాలిమర్ సెల్‌కు ఎక్కువగా పీహెచ్ వస్తుంది. లిథియం ప్యాకుల బ్యాలెన్స్ వైర్లకు ఎక్స్‌హెచ్ ఎక్కువ. "జేఎస్‌టీ 1.25" అని అమ్మేవి చాలాసార్లు మోలెక్స్ సంస్థ పికోబ్లేడ్‌కు నకళ్లు.

పేరు నమ్మకుండా కొలవండి. రెండు పక్కపక్క పిన్నుల మధ్య స్కేలు పెడితే తేడా తెలియదు. మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకు కాలిపర్‌తో కొలిచి, పిన్నుల సంఖ్యలో ఒకటి తీసేసి భాగించండి. 6 పిన్నుల కనెక్టరు 12.7 వస్తే 2.54 మిల్లీమీటర్ల రకం, 12.5 వస్తే ఎక్స్‌హెచ్, 10 వస్తే పీహెచ్. 2.54 రంధ్రాల బోర్డులో 3, 4 పిన్నుల ఎక్స్‌హెచ్ ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. 10 పిన్నులకు వచ్చేసరికి తేడా 0.36 మిల్లీమీటర్లకు చేరి, పిన్నులు వంచితే గానీ దిగవు.

కరెంటు విషయానికొస్తే, తగినంత లావు వైరుతో ఎక్స్‌హెచ్ 3 ఆంపియర్లు, పీహెచ్ 2, ఎస్‌హెచ్ 1 ఆంపియరు. సన్న వైరు కడితే ఇవీ తగ్గుతాయి.

అన్నిటికంటే ముఖ్యం: ప్లగ్గు పట్టినంత మాత్రాన ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయని అనుకోవద్దు. 2 పిన్నుల పీహెచ్‌లో ఏ గది ప్లస్ అన్నదానికి అందరూ పాటించే నియమం లేదు. కొత్త బ్యాటరీని బోర్డుకు గుచ్చే ముందు మల్టీమీటరుతో చూసుకోండి. తారుమారైతే టెర్మినళ్లను హౌసింగ్‌లోంచి తీసి మార్చుకోవచ్చు, కానీ రెండూ ఒకేసారి బయటికి తీయకండి. ఒకటి తీసి దానికి టేపు చుట్టాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. రెండు కొసలూ తాకితే సెల్ షార్ట్ అయి మంట పుట్టొచ్చు.

ప్రశ్న: పవర్ వైపు మగ పిన్నులు పెట్టాలా, ఆడ సాకెట్టా?

జవాబు: కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ ఆడదే. ప్లగ్గు ఊడి బల్ల మీద పడినా, లోహపు స్కేలు తగిలినా షార్ట్ కాకూడదు. మూడు పిన్నులు పెట్టే వీలుంటే సర్వో ప్లగ్గు పద్ధతి పాటించండి: నడుమ ప్లస్, ఒక పక్క గ్రౌండు, మరో పక్క సిగ్నల్. తిరగేసి గుచ్చినా ప్లస్ స్థానం మారదు, గ్రౌండు, సిగ్నల్ మాత్రమే తారుమారవుతాయి. పరికరం పని చేయదు గానీ సాధారణంగా కాలిపోదు.

ప్రశ్న: నేను చేసిన బోర్డుకు యూఎస్‌బీ-సీ సాకెట్ పెట్టాను. పాత ఛార్జరు కేబుల్‌తో వెలుగుతోంది, రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో అసలు వెలగడం లేదు. సాకెట్ చెడిందా?

జవాబు: సాకెట్ బాగానే ఉంది. రెండు 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు లేవు, అంతే.

పాత ఏ రకం ప్లగ్గులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. సీ రకం ఛార్జరు అలా కాదు. అవతల పరికరం ఉందని తెలిసేదాకా అది వోల్టేజీ ఇవ్వదు. ఆ సంగతి తెలిపేవి సీసీ1, సీసీ2 అనే రెండు పిన్నులు. పరికరం వైపు ఒక్కో పిన్ను నుంచి గ్రౌండుకు 5.1 కిలోఓమ్‌లు పెట్టాలి. ఛార్జరు వైపు ప్లస్‌కు కట్టిన రెసిస్టర్‌తో ఇది కలిసి పిన్ను మీద ఒక వోల్టేజీ ఏర్పడుతుంది, దాన్ని చూసి ఛార్జరు 5 వోల్టులు తెరుస్తుంది. ఏ నుంచి సీ కేబుల్‌తో మీ బోర్డు వెలగడానికి కారణం, అటువైపు ఈ ప్రశ్నే లేకపోవడం.

ఒక్క రెసిస్టర్‌తో రెండు పిన్నులనూ కలిపి పని కానిద్దాం అనుకోవద్దు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 తొలి బోర్డుల్లో అలాగే ఉండేది. చిప్ ఉన్న ఈ-మార్క్ కేబుళ్లు తగిలించినప్పుడు ఛార్జరు దాన్ని ఆడియో పరికరమని పొరబడి కరెంటు ఇచ్చేది కాదు. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.

సాకెట్ బ్రేకౌట్ (సాకెట్ పిన్నులను బయటికి తెచ్చిన చిన్న బోర్డు) కొనేటప్పుడు 4 పిన్నులే బయటికి వచ్చినదైతే, దాని వెనక రెండు చిన్న రెసిస్టర్లు ఉన్నాయేమో చూసి తీసుకోండి. వాటి మీద 512 అని ఉంటుంది, అంటే 51 పక్కన రెండు సున్నాలు, 5100 ఓమ్‌లు. ప్లగ్గును ఒకవైపు పెడితే వెలిగి, తిప్పి పెడితే వెలగకపోతే రెండింటిలో ఒక రెసిస్టర్ సోల్డర్ సరిగా పట్టలేదు. కేబుల్ తీసేసి, సీసీ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య ఓమ్‌లు కొలిస్తే ఏదో తెలిసిపోతుంది.

ప్రశ్న: సెరామిక్ కెపాసిటర్ మీద 104, 220 లాంటి అంకెలు ఎలా చదవాలి? గీత ఉన్న వైపు మైనస్సేనా?

జవాబు: మొదటి రెండంకెలు విలువ, మూడోది పక్కన పెట్టాల్సిన సున్నాలు, కొలత పికోఫారడ్లలో. 104 అంటే 1,00,000 పికోఫారడ్లు, అంటే 100 నానోఫారడ్లు. 472 అంటే 4.7 నానోఫారడ్లు. 220 అని ఉంటే 220 పికోఫారడ్లు కాదు, 22 మాత్రమే. 220 కావాలంటే 221 ఉన్నది తీసుకోవాలి. పక్కన జే ఉంటే 5 శాతం, కే ఉంటే 10, ఎం ఉంటే 20 శాతం తేడా ఉండొచ్చు.

సెరామిక్‌కు ప్లస్, మైనస్ లేవు. గీత సంగతి మిగతా రెండు రకాల్లో జాగ్రత్తగా చూడాలి. డబ్బా ఆకారంలోని అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్‌కు గీత ఉన్నది మైనస్. టాంటలమ్‌కు గీత ఉన్నది ప్లస్. ఈ తేడా తెలియక తిరగేస్తే టాంటలమ్ షార్ట్ అయి అంటుకుంటుంది. దాని మీద రాసిన వోల్టేజీలో సగానికి మించకుండా వాడటం మేలు.

ప్రశ్న: బీసీ547 దొరక్క 2222 రకం ట్రాన్సిస్టర్ వేశాను. ఎల్ఈడీ మసకగా వెలుగుతోంది, రిలే అసలు లాగడం లేదు.

జవాబు: కాళ్ల వరుస తారుమారైంది. చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547 ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222ఏ, 2ఎన్3904 ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఇక పీ2ఎన్2222ఏ అని మొదట్లోనే 2 ఉన్నది మళ్లీ బీసీ547 వరుసలోనే ఉంటుంది. పేరులో ఒక అంకె తేడాకు కాళ్లు తిరగబడతాయి. తిరగేసిన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిపోదు, గెయిన్ (కరెంటును పెంచే శక్తి) బాగా తగ్గి కొంచెం కొంచెం పని చేస్తుంది. మీ ఎల్ఈడీ మసక దాని వల్లే.

కొత్త భాగం వేసే ముందు మల్టీమీటరు డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబు ఏ కాలి మీద ఉంచితే మిగతా రెండింటికీ 0.6, 0.7 వోల్టులు చూపిస్తుందో అది ఎన్‌పీఎన్ బేస్. ఆ రెండింటిలో కాస్త ఎక్కువ చూపేది ఎమిటర్. 7805 రెగ్యులేటర్ మార్చేవారికీ ఇదే హెచ్చరిక. పెద్ద 7805 ముందు నుంచి చూస్తే ఇన్‌పుట్, గ్రౌండు, ఔట్‌పుట్. చిన్న ప్లాస్టిక్ 78ఎల్05 చదును ముఖం నుంచి చూస్తే ఔట్‌పుట్, గ్రౌండు, ఇన్‌పుట్.

ప్రశ్న: 12 వోల్టుల చిన్న పంపును 3.3 వోల్టుల బోర్డుతో నడపాలని ఐఆర్‌ఎఫ్520 మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) మాడ్యూల్ తెచ్చాను. పంపు మూలుగుతోంది, మాడ్యూల్ వేడెక్కుతోంది.

జవాబు: ఐఆర్‌ఎఫ్520కి గేటు (దాన్ని తెరిచే కాలు) మీద 10 వోల్టులు కావాలి. దాని డేటాషీట్‌లో 0.27 ఓమ్‌లు అని ఇచ్చినది ఆ 10 వోల్టుల దగ్గరే. 2 నుంచి 4 వోల్టులు అని రాసిన థ్రెషోల్డ్ చూసి 3.3 చాలనుకుంటారు. అది 250 మైక్రోఆంపియర్లు పారడం మొదలయ్యే చోటు మాత్రమే. మీ మాడ్యూల్ సగం తెరుచుకుని, మిగతా వోల్టేజీని వేడిగా మారుస్తోంది.

డేటాషీట్‌లో ఆన్ రెసిస్టెన్స్ 2.5 వోల్టుల దగ్గర కూడా ఇచ్చిన ఎన్ ఛానల్ మాస్‌ఫెట్ తీసుకోండి. ఏఓ3400 అలాంటిది, 30 వోల్టుల దాకా పనికొస్తుంది. ఇది మరీ చిన్న సర్ఫేస్ మౌంట్ భాగం కాబట్టి అడాప్టర్ బోర్డు మీద సోల్డర్ చేసుకోవాలి. గేటుకు ముందు 100 ఓమ్‌లు, గేటు నుంచి గ్రౌండుకు 10 కిలోఓమ్‌లు పెట్టండి. రెండోది లేకపోతే బోర్డు ఆన్ అయ్యే క్షణంలో పిన్ను గాలిలో ఉండి పంపు దానంతటదే తిరుగుతుంది. పంపు రెండు వైర్ల మధ్య 1ఎన్5819 డయోడు, గీత ప్లస్ వైపు ఉండేలా, పంపుకు దగ్గరగా పెట్టండి. ఇది 1 ఆంపియరు డయోడు. పంపు అంతకు మించి లాగేదైతే 3 ఆంపియర్ల 1ఎన్5822 వేయండి.

ప్రశ్న: గుండ్రటి డీసీ ప్లగ్గు కొంచెం కదిపితే కరెంటు పోతోంది. జాక్ మార్చినా అంతే.

జవాబు: బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు ఉన్న ప్లగ్గుల్లో లోపలి రంధ్రం 2.1 ఉన్నవీ, 2.5 ఉన్నవీ ఉంటాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2.5 ప్లగ్గు 2.1 జాక్‌లో దూరుతుంది, కానీ నడిమి పిన్నును సరిగా పట్టుకోదు. మీది అదే. జాక్ కాకుండా ప్లగ్గు మార్చండి. దీనికి తిరగబడినదైతే, అంటే 2.1 ప్లగ్గు 2.5 జాక్‌కు, అసలు దూరనే దూరదు.

జాక్‌కు మూడో కాలు కూడా ఉంటుంది. ప్లగ్గు లేనప్పుడు అది గ్రౌండు కాలితో కలిసి ఉండి, ప్లగ్గు గుచ్చగానే విడిపోతుంది. పొరబాటున గ్రౌండు వైరును దానికి కడితే ప్లగ్గు పెట్టగానే సర్క్యూట్‌కు గ్రౌండు తెగుతుంది. ప్లగ్గు పెట్టి ఉంచి బజరుతో ఏ కాలు బయటి గొట్టానికి కలుస్తోందో చూసి కట్టండి.

ప్రశ్న: నాలుగు కాళ్ల పుష్ బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటోంది.

జవాబు: నాలుగు కాళ్లలో రెండేసి లోపలే కలిసి ఉంటాయి. మీరు కలిసి ఉన్న జతనే వాడారు. ఎదురెదురు మూలల కాళ్లు, అంటే ఐమూలగా ఉన్న రెండు, తీసుకుంటే ఎటు తిప్పి పెట్టినా తప్పదు.

ప్రశ్న: తెల్లటి ఎక్స్‌హెచ్ కనెక్టరును బోర్డుకు సోల్డర్ చేస్తుంటే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు వంగిపోతున్నాయి.

జవాబు: సోల్డర్ చేసేటప్పుడు పాత ప్లగ్గు ఒకటి అందులో గుచ్చి ఉంచండి. ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు వరుస తప్పవు. 63/37 (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఐరన్ 330 దగ్గర పెట్టి ఒక్కో పిన్నుకు 2, 3 సెకన్లలో ముగించండి. వేడి తక్కువైతే పిన్ను మీద ఎక్కువసేపు ఆనించాల్సి వచ్చి ప్లాస్టిక్‌కు ఇంకా నష్టం. పక్కపక్క పిన్నులు వరుసగా చేయకుండా ఒకటి విడిచి ఒకటి చేయండి. గ్రౌండు పిన్ను వెడల్పాటి రాగి పొరకు కలిసి ఉంటే వేడిని లాగేస్తుంది కాబట్టి, దాన్ని చివరికి ఉంచి వెడల్పు కొస ఉన్న ఐరన్‌తో చేయండి.